అట్టమీద పదహారు ముడులు

మా మేనత్త మాత్ర వేసుకునే ముందు దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూస్తుంది. డాక్టరమ్మ రాసింది ఒకటి, షాపువాడు ఇచ్చింది ఇంకొకటి అయి ఉండొచ్చని ఆమె అనుమానం. చదవడం రాదు. అయినా చీటీ మీది అక్షరాల వంపుల్నీ మాత్రల అట్ట మీది వంపుల్నీ పక్కపక్కన పెట్టుకుని, వేలితో ఒక్కొక్కటే పోల్చుకుంటుంది. ఒకసారి అలా పోల్చే, మా నాన్నకి రావాల్సిన మందు బదులు వేరేది వచ్చిందని పట్టుకుంది. ఆ తర్వాత ఆమెను ఆపే హక్కు ఇంట్లో ఎవరికీ లేకుండా పోయింది. నాన్న పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే.

వీధిలో ఆమెను భూతద్దం అంటారు. వెనకాలే అంటారు గానీ ఆమెకు తెలుసు. ఆ పేరు మొదట పెట్టింది ఎవరో కూడా తెలుసంటుంది. ఆ ఎవరో మాత్రం నెలకొకరు మారుతుంటారు.

ఆమె చేసే పనికీ ఆ కళ్లే కావాలి. ఊరి బయట, మూతపడిన ఇటుకబట్టీల అవతల, తెల్లటి వలలు కప్పిన పందిళ్లు పన్నెండు ఉన్నాయి. ఒక విత్తనాల కంపెనీవి. లోపల మిరప. కాయ కోసం కాదు, గింజ కోసం. రెండు రకాల మొక్కల్ని కలిపి కొత్త రకం విత్తనం పుట్టించాలి. ఆడ సాలులో మొగ్గ విచ్చుకోకముందే పట్టకారు లాంటి సన్నటి చిమటాతో రేకులు విడదీసి, పుప్పొడి రాల్చే కేసరాల్ని ఊడబెరకాలి. మర్నాడు పొద్దున మగ సాలు నుంచి తెచ్చిన పుప్పొడిని దానికి అద్దాలి. అద్దిన వెంటనే తొడిమకి దారం ముడి వేయాలి. ఈ కాయ గాలి వల్లో ఈగ వల్లో కాదు, మనిషి చేతి వల్ల పుట్టింది అనడానికి ఆ ముడే గుర్తు. దారం లేని కాయ ఎంత నిగనిగలాడినా కోతలప్పుడు పారబోతే. మొగ్గ వడ్లగింజంత ఉంటుంది. ఒక్కరోజు ఆలస్యమైతే తనంతట తనే విచ్చుకుని పనికిరాకుండా పోతుంది. ఏది రేపు విచ్చుకుంటుందో మా అత్త సాలు వెంట నడుస్తూనే చెప్పేస్తుంది. రోజుకు నాలుగువందల ముడులు, ఇరవై రెండేళ్లుగా.

దారం ఒక్కొక్కరికి ఒక్కో రకం. అరవైమంది ఆడవాళ్లకి అన్ని రంగులు దొరకవు కాబట్టి రెండేసి రంగులు పేనిన ఉండలు ఇస్తారు. అత్తది ఎరుపూ తెలుపూ. సీజను మొదట్లో సూపర్‌వైజరు ఉండలు పంచి, ఏది ఎవరికిచ్చాడో ఒక పుస్తకంలో రాసుకుంటాడు. మళ్లీ దాన్ని తెరిచేది కోతలకే, ఎవరి ముడి కింద కాయ నిలవలేదో చూసి తిట్టడానికి. మధ్యలో మూడు నెలలు ఆ పుస్తకం ఒకటుందని ఎవరికీ గుర్తుండదు.

నేను అక్కడే కాయలు చీరి గింజలు కడిగే షెడ్డులో పనిచేస్తాను. కోతల్లేని రోజుల్లో మట్టి మోస్తాను, తొట్లు కడుగుతాను. బడి మధ్యలో ఆపేశాను. ఆ తర్వాత చదివిందంతా పాత కాగితాల దుకాణంలో తూకానికి వచ్చిన పుస్తకాల్లోంచే. ఆ ఏడు ఎండాకాలంలో, మూసేసిన ఏదో ఆఫీసు తాలూకు కట్టల్లో ఒక చిన్న పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలు చెదలు తినేశాయి. పల్లెల్లో పనిచేసేవాళ్లు సంఘం పెట్టుకోవడం గురించి దేశాలు చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం అది, మన భాషలో.

అది దొరికిన వారానికే మూడో పందిట్లో ఆ సంగతి జరిగింది. ఆడవాళ్లు సాలు మధ్యలో వంగి పనిచేస్తుండగానే మందు కొట్టేవాడు డబ్బా వీపున వేసుకుని లోపలికి వచ్చాడు. వల కప్పిన పందిట్లో మందు ఎక్కడికీ పోదు, అలాగే వేలాడుతుంది. ఇద్దరు వాంతులు చేసుకుంటూ కూలబడ్డారు. వాళ్లను బయటికి ఈడ్చుకొచ్చిన మనిషిని రేడియో అంటారు. నోరు ఆగదు కాబట్టి ఆ పేరు. మా ఆడవాళ్లలో చదవడం వచ్చిన ఇద్దరిలో ఆమె ఒకతె. ఖాళీ మందు డబ్బా తిప్పి చూసి, అందరికీ వినపడేలా చదివింది. కొట్టాక ఒక రోజంతా ఎవరూ లోపలికి వెళ్లకూడదని దానిమీద బొమ్మతో సహా రాసుంది.

పదిమంది కలిసి మేనేజరు గదికి వెళ్లారు. మందు కొట్టేటప్పుడు మమ్మల్ని బయటికి పంపండి అన్నది ఒక్కటే వాళ్లు అడిగింది. మీరు మా మనుషులు కారు, మిమ్మల్ని కూలికి తెచ్చిన మేస్త్రి మనుషులు, ఆయన్ని అడగండి అన్నాడు మేనేజరు. మేస్త్రి దగ్గరికి వెళితే, మందు కంపెనీది, డబ్బా కంపెనీది, కొట్టేవాడూ కంపెనీవాడే, నేనేమైనా కొట్టానా అన్నాడు. ఆ సాయంత్రానికి తేలిందేమిటంటే, వాంతులు చేసుకున్న ఇద్దరూ ఎవరి మనుషులూ కారు.

మర్నాడు ఆదివారం. మా ముందుగదిలో చాప మీద ఎనిమిదిమంది కూర్చున్నారు. నేను ఆ పుస్తకం చదివి వినిపించాను. సంఘం పెట్టుకోవడానికి ముందుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. కూలీలే కాదు, కౌలుకు చేసేవాళ్లూ, తమ చిన్న కమతాన్ని తామే దున్నుకునేవాళ్లూ అందులోకి వస్తారు. చేరినందుకు ఎవర్నీ బెదిరించకూడదు, అణచకూడదు. రేడియో ప్రతి వాక్యానికీ తల ఊపింది. మా అత్త గోడకి ఆనుకుని, తల ఊపకుండా విన్నది. చదవడం అయ్యాక, ఇది రాసిందెవరు అని అడిగింది.

దేశాలన్నీ ఒకచోట కూర్చుని రాసుకున్నాయని చెప్పాను. ప్రభుత్వాల వాళ్లు, కూలీల తరఫువాళ్లు, యజమానుల తరఫువాళ్లు, ముగ్గురూ ఉంటారని చెప్పాను.

"యజమానులు కూడా కూర్చున్నారా?"

"కూర్చున్నారు."

"వాళ్లూ ఉండి రాశారంటే అందులో ఎక్కడో ఏదో ఉంటుంది. మళ్లీ మొదట్నించి చదువు. మెల్లగా."

మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదివించింది. చెదలు తిన్న నాలుగు పేజీల్లో ఏముందో నీకేం తెలుసని అడిగింది. అందరూ నవ్వారు, నేను తప్ప.

కాగితమంటే ఆమెకు అంత పగ ఎందుకో అక్కడున్న సగంమందికి తెలుసు. పన్నెండేళ్ల కిందట, ఇంకో యజమాని పందిళ్లలో, తాగే నీళ్ల తొట్టి కావాలని అర్జీ పెడుతున్నామని చెప్పి అందరిచేతా వేలిముద్రలు వేయించారు. మొదటి ముద్ర మా అత్తదే. రెండు నెలల తర్వాత తనిఖీకి ఒకాయన వచ్చాడు. చేతులు బొబ్బలెక్కాయని ఆమె చూపిస్తే, ఆయన ఫైలు తీసి ఒక కాగితం చూపించాడు. చేతి తొడుగులూ ముక్కుకి కట్టుకునే గుడ్డలూ మాకు అందాయి, ఏ ఇబ్బందీ లేదు అని రాసుంది. పైన ఆమె బొటనవేలు. ఆ వేలిని ఆమె కొన్నాళ్లు మనిషిని చూసినట్టు కోపంగా చూసేదట. నాన్న చెప్పేవాడు.

అందుకే సంఘం మాట నచ్చినా, కాగితం మీద పేర్లు రాయడానికి వీల్లేదంది. పేర్లున్న కాగితానికి కాళ్లుంటాయి, అది మేనేజరు బల్ల దగ్గరికే నడుస్తుందంది. చేరేవాళ్లెందరో తేలాలంటే లెక్క ఎలా అని రేడియో అడిగింది. అత్త లోపలికి వెళ్లి, అరచేతి వెడల్పున్న ఒక అట్టముక్క తెచ్చింది. దాని అంచున సూదితో పొడిచి, తన నడుముకున్న ఉండలోంచి జానెడు దారం తెంపి, ముడి వేసింది. పేరు లేదు, వేలు లేదు. ఒప్పుకున్నవాళ్లు ఒక ముడి వేస్తారు. మొత్తం పది దాటితే అప్పుడు లేబర్ ఆఫీసుకి వెళ్లి, వాళ్ల ఎదురుగానే పేర్లు రాసి, ఆ క్షణంలోనే ఇచ్చేద్దాం. మధ్యలో ఎవరి చేతికి చిక్కినా అది ఉత్త అట్ట.

ఎంత మంచి ఆలోచన అనిపించిందో చెప్పలేను. పుస్తకాలు చదివిన నాకు తట్టలేదే అనుకున్నాను. ఆ అట్ట వారం రోజులు పందిళ్లలో చేతులు మారింది. ముడి వేయడం వాళ్లకి ఊపిరి తీసుకోవడం లాంటిది, ఎవరూ సంకోచించలేదు. ఎవరికి వాళ్లు తమ నడుముకున్న ఉండలోంచే తెంపి కట్టారు. రంగులు చూసి, ఓహో ఈమె కూడా కట్టిందా అని సంబరపడ్డారు. ఎవరు చేరారో వాళ్లకి ఇట్టే తెలిసిపోతోంది, అయినా రహస్యంగానే ఉంది అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. వారం తిరిగేసరికి పదహారు ముడులు.

ఆ అట్ట నా దగ్గరే ఉండేది, నేను చదివే పుస్తకంలో గుర్తుగా. రోజూ సాయంత్రం గేటు దగ్గర సంచులు వెతుకుతారు, విత్తనం బయటికి పోకుండా. ఒక గురువారం సూపర్‌వైజరు నా పుస్తకం విదిల్చాడు. అట్ట కిందపడింది. ఇదేంటన్నాడు. పుస్తకంలో గుర్తు అన్నాను. అట్ట పొరల మధ్య గింజలు దాస్తారని, లైటు దగ్గర చూడాలని చెప్పి తన గదిలోకి తీసుకెళ్లాడు. రెండు నిమిషాల్లో తెచ్చి ఇచ్చేశాడు. గింజలేమీ లేవన్నాడు. ఎంత వెర్రివాడు, చేతిలో సంఘాన్ని పట్టుకుని గింజలు వెతుకుతున్నాడని లోపల్లోపల నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సోమవారం పొద్దున గేటుకి ఒక కాగితం అంటించి ఉంది. పదహారు పేర్లు. వీళ్లకి ఇవాళ్టినుంచి పని లేదు. రేడియో గేటు ముందే నిలబడి గట్టిగా చదివింది. అత్త పేరు మొదట. కాగితంలో లేని నన్నూ ఆమె మనిషినని నోటిమాటతోనే పంపేశారు. రేడియో పేరు ఎక్కడా లేదు.

పదకొండో పేరు మేస్త్రి వదినది. ఆమె మేస్త్రికి ఒక్కడికే వదిన అయినా పందిళ్లన్నిటికీ వదినే. నోట్లో నాలుక లేని మనిషి. ఆమె అట్ట ముట్టుకోలేదు, సంఘం అన్న మాటే వినలేదు. కానీ ఆ పూట అందరి చూపూ ఆమె మీద లేదు. అట్టకి ముడి వేసి కూడా లోపలికి నడిచి వెళ్లిపోగలిగిన ఒకే ఒక్క మనిషి మీద ఉంది.

మధ్యాహ్నానికి వీధి మొత్తానికి కథ తయారైపోయింది. రేడియోకి నోరు ఆగదు, ఎక్కడో వాగింది. కాదు, వాగలేదు, వెళ్లి చెప్పింది. మేనేజరు గదిలోంచి ఆమె రావడం ఒకరు చూశారు. అది మందు సంగతి అడగడానికి పదిమందితో వెళ్లిన రోజేనని ఎవరూ గుర్తు చేసుకోలేదు. నేనూ చేసుకోలేదు. నిజం చెప్పాలంటే, ఆమె డబ్బా మీది రాతల్ని అంత గట్టిగా చదవడం కూడా నాటకమే అయి ఉండొచ్చని ఆ రోజు నాకు తోచింది.

సాయంత్రం వీధి కుళాయి దగ్గర రేడియో బిందె పెట్టింది. అప్పటికి అక్కడ పదిమంది ఉన్నారు. మా అత్త వెళ్లి, ఆ బిందె తీసి పక్కన పెట్టింది.

"మందు కొట్టినప్పుడు ఈడ్చుకొచ్చావు. ఇప్పుడు నువ్వే కొట్టావా?"

రేడియో నోరు తెరిచింది గానీ మాట రాలేదు. ఆమెకు మాట రాకపోవడం వీధిలో ఎవరూ అంతకు ముందు చూడలేదు. అదే రుజువు అనుకున్నారు. ఖాళీ బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

రెండు రోజుల తర్వాత అత్తా నేనూ లేబర్ ఆఫీసుకి వెళ్లాం. పొడవాటి గది, గోడంతా కట్టలు. గుమాస్తా మా మాట ఓపిగ్గానే విన్నాడు, ఆ ఓపికే అత్తకి నచ్చలేదు. సంఘం నమోదుకి పదిమంది చాలన్నాడు. అయితే, మీలో ఇప్పుడు పనిలో ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాడు. అందరూ మాన్పించినవాళ్లే అయితే ఇది సంఘం కిందికి రాదు, ఫిర్యాదు కిందికి వస్తుంది, ఫిర్యాదులది వేరే కిటికీ, ఆ కిటికీ ఆయన సెలవులో ఉన్నాడు. కనీసం ఒక్కరైనా పనిలో ఉండి సంతకం పెడితే కాగితం తీసుకుంటానన్నాడు. చేరినందుకు మాన్పించకూడదని ఉందిగదా అని నేను పుస్తకం తీశాను. ఆయన అట్టలేని ఆ పుస్తకాన్ని చూసి, మొదటి పేజీలేవి అని అడిగాడు. అత్త నావైపు చూసింది. నేను పుస్తకం సంచిలో పెట్టేశాను.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని లెక్క వేసుకుంది. పనిలో ఉన్నదీ, ముడి వేసిందీ ఒక్కతే. ఆ ఒక్కతే ద్రోహి. ఇంకో రెండు వారాల్లో కోతలు మొదలవుతాయి. మేస్త్రి అప్పటికి వేరే చోటునుంచి ముఠాని దింపుతాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ల కళ్లు ఎవరికీ అక్కర్లేదు.

ఇంటికి వచ్చేసరికి మేస్త్రి వదిన మా గడప మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. అత్త ఆమెను లోపలికి రమ్మనలేదు. మేస్త్రి పంపితే వచ్చిందని ఆమె అనుమానం, మా మాటలు పోగేసుకుని వెళ్లడానికి. మేస్త్రికే అంతుపట్టడం లేదని, మేనేజరుని అడిగితే నీ ఇంట్లో సంగతి నువ్వే చూసుకో అన్నాడని వదిన వెక్కుతూ చెప్పింది. నేనేం చేశానో చెప్పు అక్కా, మీరంతా ఏదో చేశారు, నేనేం చేశాను అని అడిగింది.

అత్త కాసేపు ఆమెను మొగ్గని చూసినట్టు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి అట్ట తెచ్చి ఆమె ఒళ్లో పడేసింది. ఇందులో నీ ముడి లేదు, నువ్వెందుకు పోయావో నాకూ తెలియదు అంది.

వదిన ముక్కు తుడుచుకుని అట్ట తిప్పింది. ఒకచోట ఆగింది.

"ఇది నాదే. వంగపండు రంగూ తెలుపూ. ఎవరు కట్టారక్కా?"

అలా ఎలా అవుతుందని అత్త అంది. వదిన గుర్తు చేసుకుంది. ముందటి వారం రేడియో ఉండ అయిపోయింది, కొత్తది ఇవ్వడానికి సూపర్‌వైజరు లేడు. ఆ పూటకి సర్దుకోమని తన ఉండలోంచి రెండు బారల దారం ఇచ్చింది.

అత్త గడప మీదే కూర్చుంది. వేలితో ముడులు ఒక్కొక్కటీ తడుముతూ, రంగుకొక పేరు చెప్పడం మొదలుపెట్టింది. మొదటిది తనది. రెండోది మూడో పందిట్లో పడిపోయినామెది. మూడు, నాలుగు, అయిదు. గేటు మీది కాగితంలో పేర్లు ఏ వరసలో ఉన్నాయో అదే వరస. పదకొండో ముడి వంగపండూ తెలుపూ దగ్గర, రేడియో ఉండాల్సిన చోట, వదిన పేరు.

నోరున్న మనిషెవరూ చెప్పి ఉండరు. చెప్పినవాడికి రేడియోకీ వదినకీ తేడా తెలుస్తుంది. దారానికి తెలియదు. సూపర్‌వైజరు పుస్తకానికీ తెలియదు.

అప్పుడు నేను గురువారం గేటు సంగతి చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. నువ్వు ఆ రోజే చెప్పి ఉంటే కుళాయి దగ్గర ఆ మాట అనేదాన్ని కాదు అంది, అంతే. తర్వాత, అట్ట ఆలోచన నాదే కదా అల్లుడూ అంది. ఆ రెండో మాట నన్ను ఓదార్చడానికి అన్నదో, తనను తాను కొట్టుకోవడానికి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దున పనివేళకి ముందే అత్త రేడియో ఇంటికి వెళ్లింది. నన్ను వద్దన్నా వెనకే వెళ్లాను. రేడియో తీగ మీద బట్టలు ఆరేస్తోంది. మమ్మల్ని చూసి కూడా ఆరేస్తూనే ఉంది. అత్త జరిగిందంతా చెప్పింది, దారం సంగతి, వదిన సంగతి, నా సంగతి కూడా దాచలేదు. చివర్న ఒక మాటంది.

"నిన్ను అనుమానించాను. ఇప్పటికీ కొంచెం ఉంది. అది నా అలవాటు, నీ తప్పు కాదు."

రేడియో చీర అంచు విదిలించి తీగ మీద వేసింది.

"అన్నది పదిమందిలో. చెప్పడానికి మాత్రం పెరట్లోకి వచ్చావే."

అత్త తిరిగి వచ్చేసింది. ఆ సాయంత్రం కుళాయి దగ్గర నీళ్లు వచ్చే వేళకి అందరికంటే ముందు వెళ్లి నిలబడింది. జనం చేరేదాకా ఆగింది. ఆమె మాట్లాడిన తీరు క్షమాపణలా లేదు, సాక్ష్యంలా ఉంది. ఏ రోజు అట్ట ఎవరి చేతిలో ఉందో, ఎవరి ఉండ అయిపోయిందో, గేటు దగ్గర ఎంతసేపు ఉందో, అన్నీ వరసగా చెప్పింది. ఆలోచన నాది, తప్పు నాది, నింద ఈమె మీద వేశాను అంది. తర్వాత రేడియో బిందె తీసుకుని కుళాయి కింద పెట్టి, నిండేదాకా పట్టుకుని నిలబడింది. ఎవరో వెనకనుంచి, భూతద్దం తనవైపు తిప్పుకుంది రోయ్ అన్నారు. ఆమె విని కూడా తిరగలేదు.

ఇంత జరిగినా, రేడియో సంతకం పెడుతుందని నేను అనుకోలేదు. ఆమె దగ్గర మాత్రమే పోగొట్టుకోవడానికి ఏదో ఉంది. మేమందరం బయట ఉన్నాం, ఆమె ఒక్కతే లోపల. సంతకం పెట్టిన మర్నాడు ఆమెకీ గేటు మూసుకుంటుంది. అత్త కూడా అడగలేదు. అడిగితే ఆమె కాదనలేదని, కాదనలేని సంతకం ఎందుకూ పనికిరాదని అంది. వేలిముద్రల సంగతి ఆమెకు తెలిసినట్టు నాకు తెలియదు కదా.

ఆ పై గురువారం లేబర్ ఆఫీసు బస్సు దగ్గర పదిహేడుమందిమి నిలబడ్డాం, నాతో కలిపి. వదిన కూడా వచ్చింది. మేస్త్రి వద్దన్నాడట, నన్ను మాన్పించేటప్పుడు నీ మాట విన్నారా అని అడిగిందట. నోట్లో నాలుక లేని మనిషి అన్నానే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రేడియో రాలేదు. ఆమె ఆ వేళకి పందిట్లో ఉండాలి. బస్సు కదిలేటప్పుడు అత్త వెనక్కి చూసి, మళ్లీ ముందుకు తిరిగింది. ఫిర్యాదు కిటికీ ఆయన సెలవులోంచి వచ్చి ఉంటాడులే అంది.

ఇటుకబట్టీల మలుపులో బస్సు ఆగింది. రేడియో ఎక్కింది. నడుముకి దారం ఉండ, చేతికి పుప్పొడి పసుపు అలాగే ఉన్నాయి, పనిలోంచి నేరుగా వచ్చింది. ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చానంది. ఎవరూ ఏమీ అడగకముందే, మీకోసం కాదు, ఆ డబ్బా మీద రాసింది చదివింది నేను, అందుకు అంది. అత్త జరిగి చోటిచ్చింది. రేడియో వెనక సీట్లో కూర్చుంది.

గుమాస్తా ఆ రోజు అంత ఓపిగ్గా లేడు. మీలో కొందరికి సొంత పొలం చెక్క ఉందని తెలిసింది, భూమి ఉన్నవాళ్లు రైతులవుతారు గానీ కూలీలు కారు అన్నాడు. ఎవరి ద్వారా తెలిసిందో చెప్పలేదు. అత్తకి అర ఎకరం ఉన్న మాట నిజం. ఆమె బల్ల మీద రెండు చేతులూ పెట్టింది.

"అర ఎకరం ఉంది. పొద్దు గూకాక, ఆదివారాలూ నేనే దున్నుకుంటాను. మిగతా రోజులు వీళ్ల మొగ్గలు గిల్లుతాను. నన్నెందులో రాస్తారో మీరే రాయండి, కానీ రాయండి."

నేను పుస్తకం మళ్లీ తీశాను. ఈసారి ఆయన మొదటి పేజీల గురించి అడగకముందే, తమ కమతం తాము చేసుకునేవాళ్లు కూడా వస్తారన్న పేజీ తెరిచి ముందు పెట్టాను. ఆయన చదివాడో చదివినట్టు చూశాడో తెలియదు. పనిలో ఉన్నవాళ్లెవరు అన్నాడు. రేడియో ముందుకు వచ్చి సంతకం పెట్టింది. పుప్పొడి కాగితానికి అంటుకుంది. తర్వాత మిగతావాళ్లు. అత్త తన వేలు వేసే ముందు పై నుంచి కింది దాకా మొత్తం రేడియో చేత చదివించుకుంది. రేడియో ఎక్కడా ఆగకుండా చదివింది. ఒకచోట ఊరి పేరు తప్పు రాశారని పట్టుకుంది. గుమాస్తా దిద్దాడు. అప్పుడు అత్త వేలు వేసింది. పన్నెండేళ్ల తర్వాత కాగితం మీద ఆమె వేలు అదే మొదటిది.

ఆయన కాగితం ఫైల్లో పెట్టి, వెళ్లండి, విషయం తెలియజేస్తాం అన్నాడు.

ఎవరూ కదల్లేదు. అత్త రసీదు అడిగింది. రసీదు రేపు ఇస్తారు, ముద్ర వేసేవాడు లేడన్నాడు. ముద్ర ఎక్కడుంటుందో అడిగింది. సొరుగులో ఉంటుందన్నాడు. సొరుగు తాళం ఎవరి దగ్గరుందో అడిగింది. ఆయన ఇంకో ఫైలు తెరిచాడు. అత్త నేల మీద కూర్చుంది. తర్వాత వదిన కూర్చుంది. అలా ఒక్కొక్కరూ కూర్చున్నారు. గది ఇరుకు కావడంతో వేరే పనుల మీద వచ్చినవాళ్లు గోడవారగా నిలబడి చూడసాగారు. గంటన్నర గడిచింది. తాళం గుమాస్తా జేబులోనే దొరికింది.

ముద్ర వేసిన చీటీని అత్త చేతికిచ్చాడు. ఆమె దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. నేను చేయి చాపాను, చదివి చెబుదామని. నాకివ్వలేదు. రేడియోకిచ్చింది. రేడియో చదివింది. తేదీ ఉంది, పదిహేడు సంతకాలు ముట్టినట్టు ఉంది, ముద్ర సరిగ్గా పడింది. ముడి వేసిన పదహారుమందీ, వదినతో కలిపి పదిహేడు, నేను ఆ లెక్కలో లేను.

ఆ చీటీ వల్ల గేటు తెరుచుకోలేదు. రేడియోని శుక్రవారమే మాన్పించారు. కేసు ఇంకా నడుస్తోంది, నమోదు సంఖ్య వచ్చింది, మందు కొట్టేటప్పుడు ఇప్పుడు పందిళ్లు ఖాళీ చేయిస్తున్నారని లోపలివాళ్లు చెబుతున్నారు. ఖాళీ చేయించేది మా కాగితం వల్ల కాదని మేనేజరు అంటాడట. కావచ్చు. మా అత్త ఆ మాటనూ నమ్మదు, మా మాటనూ నమ్మదు.

ఆ రోజు ఆఫీసు మెట్లు దిగుతూ రేడియో చీటీ తిరిగి ఇవ్వబోయింది. అత్త తీసుకోలేదు.

"నీ దగ్గరే ఉంచు."

"రేపు పోతే మళ్లీ నన్నే అంటావు."

"అంటాను. అందుకే జాగ్రత్తగా పెట్టుకో."

రేడియో చీటీని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. బస్సు కోసం నిలబడ్డంతసేపూ రెండుసార్లు తడిమి చూసుకుంది. అత్త మూడుసార్లు అటు చూసింది.